ఎర్ర కండ్లద్దాల కంపౌండరు

మొన్న మనుమరాలిని తీసుకుని మానుకోట దవాఖానకు పోయాను. దానికి ఐదో నెల. లోపల బిడ్డ ఎట్లా ఉందో బొమ్మలో చూస్తారంటే నేనూ చూస్తానని పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మ వచ్చీ రాగానే దీపం తగ్గించింది, పిల్ల కడుపు మీద చల్లటి జిగురేదో పూసింది, వెంటనే మొదలుపెట్టబోయింది. నా నోరు ఊరుకుంటుందా!

"అమ్మా, జర ఆగు. అప్పుడే ఏం కనవడ్తది? కండ్లు చీకటికి మరగాలె గద. ఎర్రద్దాలు పెట్టుకోవా నువ్వు?"

డాక్టరమ్మ చేయి ఆగిపోయింది. "ఏ ఎర్రద్దాలు అవ్వా?"

"మనిషి లోపల చూసెటోళ్ళు పెట్టుకునేటియి. అర గంట ముందట పెట్టుకోవాలె."

మనుమరాలు పండుకున్న చోటి నుంచే నా కొంగు గుంజింది. "అమ్మమ్మా, నువ్వు ఊకో."

డాక్టరమ్మ మంచిది, నవ్వి చెప్పింది. "ఇది ఎలుగుతోటి చూసుడు కాదవ్వా, చప్పుడుతోటి చూసుడు. బాయిల తలకాయ పెట్టి కేకేస్తె మన కేక మనకే తిరిగొస్తది సూడు, గట్ల. లోపలికి చప్పుడు పోయి, బిడ్డకు తాకి తిరిగొస్తది. ఎంత తొందర్గ వచ్చిందో చూసి మిషనే బొమ్మ గీస్తది."

"మరి నాకు ఇనవడ్తలేదేంది?"

"మన చెవులకు అందని చప్పుడు అది."

చెవికి అందని చప్పుడుతో కంటికి అందనిది చూడటం! ఈ మాట ఆ ఎర్రద్దాల కంపౌండరు విని ఉంటే ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు. డాక్టరమ్మ వెంటపడి, ఆ మిషను నోరెక్కడ, చెవి ఎక్కడ అని పొద్దుగూకేదాకా అడిగేవాడు. బిడ్డ బొమ్మ చూసి మనుమరాలు కండ్లనీళ్ళు పెట్టుకుంటుంటే నేను మాత్రం జనగామ కంపౌండరును తలచుకుని నవ్వుతూ కూర్చున్నాను.

అవి సంగం రోజులు. దొరల మీద, నిజాం సర్కారు మీద ఊళ్ళకు ఊళ్ళు తిరగబడ్డ కాలం. అప్పట్లో జనగామ స్టేషనుకు పోయే తోవలో, వడ్ల గిర్నికి ఆనుకుని ఒక డాక్టరు దవాఖాన ఉండేది. పెద్ద లడాయి అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్ముకున్న సామానులో ఆ డాక్టరు ఒక ఎక్సురే మిషను కొనుక్కొచ్చాడు. అది నడవాలంటే కరెంటు కావాలి, కరెంటు కావాలంటే గిర్ని ఇంజను తిరగాలి. వడ్లు పట్టించే వాళ్ళు రాకపోతే ఆ రోజు ఎవరి ఎముకలూ కనపడవు.

డాక్టరు మిషను కొన్నాడు గానీ దానితో చూసే ఓపిక ఆయనకు లేదు. బొమ్మ దింపుకునే సరంజామా దొరికేది కాదు, దొరికినా ఖరీదు. అందుకని వెనక మిషను, ముందర అద్దపు పలక, మధ్యలో మనిషిని నిలబెట్టేవారు. మిషను వెలుగు మనిషిలోంచి దూసుకొచ్చి పలక మీద పడితే అది మిణుగురు పురుగంత పచ్చగా మెరిసేది. ఆ కాస్త మెరుపు కంటికి ఆనాలంటే ముందుగా అర గంట చీకట్లో కూర్చోవాలి. రోజుకు నాలుగుసార్లు కూర్చోవడం డాక్టరుతో అయ్యే పనా! ఆ చూసే కొలువు కంపౌండరు మీద పడింది.

ఆయనదీ కూర్చునే ఒళ్ళు కాదు. అందుకని ఎర్ర కండ్లద్దాలు పెట్టుకుని తిరిగేవాడు. ఎందుకని ఎవరన్నా అడిగితే చాలు, చంకలో సంచి కింద పెట్టి మొదలుపెట్టేవాడు. "ఇగో ఇను. కంట్ల ఇద్దరు కావలోళ్ళుంటరు. ఒగడు పగటోడు, ఒగడు రాత్రోడు. రాత్రోనికి ఎరుపు కనవడది. నేను ఎర్రద్దాలు పెట్టుకుంటె ఆడు ఇంక రాత్రే ఉన్నదనుకుంటడు. నేను బజార్ల ఎండల తిరిగొచ్చినా ఆడు మేలుకునే ఉంటడు. చీకటి గదిల అద్దాలు తీస్తె పని మీదికొస్తడు." ఇట్లా ఎదుటివాడు తలాడించేదాకా చెప్పేవాడు. తలాడించకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఆ అద్దాల చిక్కేమిటంటే వాటిలోంచి ఎరుపూ తెలుపూ ఒక్క తీరుగానే ఉంటాయి. అంగట్లో మిరపకాయల కుప్ప ముందు కూర్చుంటే మంచి కాయ ఏదో తాలు కాయ ఏదో ఆయనకు పోల్చరాదు. అమ్మేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. ఇంటికి సంచినిండా తెల్లటి తాలు కాయలే చేరేవి. ఆయన భార్య వాకిట్లో సంచి బోర్లించి వాడకంతా వినపడేటట్టు అనేదట: "మందికి కడుపుల పేగులు కనవడ్తయట, ఇంటికొచ్చె సంచిల తాలుకాయ కనవడదట!"

ఇంకో అలవాటుంది. పొద్దున మిషను మంచిగా వేడెక్కిందా లేదా అని తెలుసుకోవడానికి తన ఎడమ చేయే మధ్యలో పెట్టి చూసుకునేవాడు. వేళ్ళ ఎముకలు, వాటి కణుపులు తేటగా కనపడితే ఇక మనుషులను పిలిచేవాడు. ఏండ్ల తరబడి ప్రతి పొద్దునా అదే చేయి. ఆ వేళ్ళు ఎండిన చింతకాయల్లా బిరుసెక్కి, గోర్లు నల్లబడ్డాయి. సీసపు తొడుగు వేసుకొమ్మని డాక్టరు గదిమితే, "తొడుగుల నుంచి ఎలుగు పోది. ఎలుగు పోకపోతె నాకేం కనవడ్తది?" అనేవాడట. చివరి రోజుల్లో సొంతూరు మొగుళ్లపల్లికి పోయాడని, అప్పటికి రెండు వేళ్ళు తీసేశారని, ఉన్న వేళ్ళతోనే ఊళ్ళో పిల్లలకు ఎక్సురే సంగతి చెప్తూనే కన్నుమూశాడని, చాలా ఏండ్లకు తెలిసింది.

అన్నిటికంటె పెద్ద అలవాటు ఆయన మాట. చూసిందే చెప్తాడు, చూడంది చెప్పడు. కాలు విరిగిన ఆయన, "సాబూ, మళ్ళ నాగలి పడ్తనా?" అని అడిగితే, "గది నాకు కనవడది. ఎముక అతికింది, గది కనవడ్డది" అనేవాడు. ఏడుస్తూ వచ్చిన తల్లితోనైనా అంతే. అందుకే జనగామలో డాక్టరు మాట నమ్మని వాళ్ళు కూడా కంపౌండరు మాట నమ్మేవాళ్ళు. పోలీసులు సైతం నమ్మేవాళ్ళు. అదే మా ఇంటిల్లిపాదినీ కాపాడింది.

నా పెండ్లయి నాలుగు నెలలు. మా ఆయనకు దగ్గు పట్టుకుని పోవడం లేదు. చూసిన ప్రతివాళ్ళూ క్షయ అన్నారు. నిజానికి సంగం కాపలాకని రాత్రుళ్ళు చేలల్లో, మంచులో పడుకోవడం వల్ల వచ్చిన దగ్గు అది. మా అత్త, నేను, ఆయన, పెద్దవంగర పక్కనున్న మా ఊరి నుంచి బండి కట్టుకుని జనగామకు బయలుదేరాం.

బయలుదేరే ముందు మా ఊరి బడిపంతులు ఒక కాగితం తెచ్చిచ్చాడు. సంగంలో ఉన్న మా ఊరి వాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి, జనగామలో ఒకాయనకు అందియ్యాలి. పంతులు దగ్గర పిల్లల తప్పులు దిద్దే ఎర్రసిరా తప్ప వేరే సిరా లేదు, దానితోనే రాశాడు. మా ఆయన అంగి లోపల నేను ఒక దొంగజేబు కుట్టి అందులో పెట్టాను. ఆ కాగితం పోలీసుల చేతిలో పడితే పేరున్న ప్రతి ఇల్లూ కాలుతుంది. మొదటి పేరు మా ఆయనదే.

దవాఖాన సందులోకి తిరిగామో లేదో, ఎదురుగా ఎర్రద్దాలతో ఒక మనిషి వచ్చి నా ముందు ఆగాడు. నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. నా ఒంటి మీద పెండ్లినాటి ఎర్రచీరె.

"అయ్యో బిడ్డా," అన్నాడు. "ఇంత చిన్నతనాన! ఎన్ని రోజులైతుంది పోయి?"

నాకేం అర్థం కాలేదు. పోయిన మనిషి నా వెనకే నిలబడి దగ్గుతున్నాడు. మా అత్తకు మాత్రం క్షణంలో అర్థమైంది. చేతిలోని సద్దిమూట కింద పెట్టి నడుం బిగించింది.

"నీ నోట్ల మన్నువడ! ఎవడు పోయిండ్రా? కొడుకు గుండ్రాయి లెక్క ఎనకనే ఉన్నడు! ఎర్రచీరె కట్టిన పిల్లను పట్టుకొని గీ మాటంటవా? కండ్లున్నయా, చింతగింజలా?"

ఆయన అద్దాలు తియ్యకుండా అట్లాగే చేతులు జోడించాడు. "తప్పయింది తల్లీ. నాకు తెల్లగ కనవడ్డది. కనవడ్డదే అడిగిన." అని మొదలుపెట్టి, కంట్లో ఇద్దరు కావలివాళ్ళ సంగతి నడివీధిలో మా అత్తకు పూర్తిగా చెప్పాడు. మా అత్త తలాడించలేదు. మళ్ళీ చెప్పాడు. మూడోసారికి ఆమె తలాడించి, "సరేగని, నువ్వే గిట్లుంటె నిన్ను నమ్మి వచ్చినోళ్ళ గతేంది?" అంది.

దవాఖాన అరుగు మీద ఒక పోలీసు జమేదారు కూర్చుని ఉన్నాడు. మనిషి ఎత్తరి, మీసాలు ఇంతేసి, ఆ మీసాల నిండా తెల్లటి సున్నం. నేను మా అత్త వెనక్కి జరిగాను. మా అత్త మాత్రం కంపౌండరును మెల్లగా అడిగింది. "ఆయనేంది, గోడ నాకిండా?"

"కడుపుల మంట అంటుండు. ఒక మందు కలిపి లోటెడు తాపిన. ఇను తల్లీ, ఎలుగు మెత్తటి దాంట్ల నుంచి పోతది, గట్టిదాని కాడ ఆగుతది. జల్లెడ పట్టినట్టు. ఎముక ఆపుతది, పేగు ఆపది. ఆపంది కనవడది. అందుకని గా మందు తాపితె పేగుకు ఎముక అంగి తొడిగినట్టైతది, కనవడ్తది. అది కడుపుల సర్దుకునే లోపట నీ కొడుకు రొమ్ము చూస్త."

జమేదారు చేతిలో ఖాళీ లోటా ఉంది. దాన్ని పాము పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "కంపౌండర్ సాబ్, జల్దీ చూడు. మట్టి తిన్నట్టున్నది. పైకొస్తున్నది."

"పైకి రానియ్యకు. వస్తె ఇంకో లోటా తాగాలె."

"నక్కో, నక్కో! వద్దు!" అని నోరు మూసుకున్నాడు.

కంపౌండరు మా ఆయనను ఊరి పేరు అడిగాడు. ఈయన చెప్పాడు. అంతే, అరుగు మీద మీసాలు కదిలాయి. మా ఊరి పేరు వింటే అప్పుడు పోలీసులకు చెవులు నిక్కేవి. మాకు లోపలికి పోవడం తప్ప వేరే తోవ లేదు. పోయాం. మా అత్త అరుగు మీదే ఉండిపోయింది.

రెండు నల్ల పరదాలు దాటితే గది. మూలన ఎర్రబుడ్డి దీపం ఒకటి వెలుగుతోంది. గది నిండా గిర్ని ఇంజను దడదడ. "అంగి ఇప్పు," అన్నాడు కంపౌండరు. "గుండీలుంటె రొమ్ముల మచ్చలనుకుంట." మా ఆయన నా మొహం చూశాడు. అంగి విప్పి నా చేతికిచ్చాడు. ఈ ఎర్రదీపం కూడా ఆర్పాకే కంపౌండరు అద్దాలు తీస్తాడట. ఆర్పబోతుండగా పరదా లేచింది.

"పరదా ముయ్యి!" అని అరిచాడు కంపౌండరు.

జమేదారు లోపలికొచ్చి పరదా మూశాడు. "వీని తలాష్ తీసుకోవాలె. ఆ ఊరోడు ఒక్కడు గూడ సీదా ఉండడు."

మా ఆయన ఒంటి మీద గోచీ పంచె తప్ప ఏమీ లేదు. జమేదారు నా చేతిలోని అంగి గుంజుకున్నాడు. పై జేబు చూశాడు, అంగి చేతులు చూశాడు, పట్టి పట్టి పిసికాడు. లోపల కాగితం గరగరమంది. నా కుట్టు పటపట తెగింది. కాగితం బయటికొచ్చింది.

ఆ కాసేపు మా ఆయన దగ్గు ఎటు పోయిందో తెలియదు. నేను కండ్లు మూసుకున్నాను. కాలే ఇండ్ల వరసలో మా వాకిలి కనపడింది.

"యే క్యా హై?" అన్నాడు జమేదారు. "ఇది ఖాళీ కాగజ్!"

కండ్లు తెరిచాను. ఎర్రదీపం కింద ఆయన కాగితం పట్టుకుని అటు తిప్పుతున్నాడు, ఇటు తిప్పుతున్నాడు. పంతులు రాసిన ఒక్క అక్షరం లేదు. అప్పుడే ఉతికి ఆరబెట్టినట్టు సాఫుగా ఉంది. పంతులు చెయ్యి తప్పి వేరే కాగితం ఇచ్చాడా, దేవుడే తుడిచాడా, నాకు అంతు పట్టలేదు.

"ఖాళీ కాగజ్ దొంగజేబుల ఎందుకు?" అని నా మీదికి వచ్చాడు.

నోటికేదొస్తే అది అన్నాను. "మందు పొట్లం కట్టియ్యమందామని తెచ్చినం దొరా. సీస, కాయితం మేమే తెచ్చుకోవాలె గద." ఆ రోజుల్లో దవాఖానకు పోతే సీస, కాగితం మన ఇంటివే తీసుకుపోవాలి, అది నిజమే.

ఆయనకు సగం నమ్మకం కుదిరింది, సగం కుదరలేదు. కాగితం కంపౌండరు ముక్కుకు తాకేటట్టు పట్టాడు. "నువ్వు చెప్పు సాబ్. నువ్వు ఝూట్ చెప్పవు. ఏమున్నది ఇందుల?"

కంపౌండరు ఎర్రద్దాలలోంచి తీరుబడిగా చూశాడు. ఒక మూల, ఇంకో మూల, వెనక పక్క. "నాకు ఏం కనవడ్తలేదు."

"గీ దీపం మంచిగ లేదు. తెల్లబత్తి ఎయ్యి."

గోడకు తెల్లదీపం గుండీ ఉంది, నేను చూశాను. కంపౌండరు దాని మీద చేయి కూడా పెట్టాడు.

"ఎయ్యమంటె ఏస్త. నాదేం పోయింది? గని తెల్లదీపం ఏస్తె నా కండ్లు చెడ్తయి. మళ్ళ చీకట్ల అర గంట కూసోవాలె. గంతల నీ కడుపుల మందు కిందికి దిగిపోతది. ఇంకో లోటా కలపాలె. కలపన్నా?"

జమేదారు గుండీని చూశాడు. తన కడుపు పట్టుకున్నాడు. మీసాల మీది సున్నం నాలుకకు తగిలినట్టుంది, ఒళ్ళంతా జలదరించింది. "నక్కో!" అని కాగితం నా మొహాన కొట్టి, పరదా తన్నుకుంటూ బయటికి పోయాడు.

కంపౌండరు ఏమీ జరగనట్టు ఎర్రదీపం ఆర్పి, అద్దాలు తీశాడు. పలక పచ్చగా మెరిసింది. ఎండలోంచి వచ్చిన నా కండ్లకు ఆ పచ్చటి మసక తప్ప ఏమీ ఆనలేదు. "ఊపిరి బిగవట్టు," అన్నాడు. కాసేపాగి, "గుండె జర జోరుగ కొట్టుకుంటున్నది. రొమ్ముల మచ్చ లేదు. గంతే కనవడ్డది," అన్నాడు.

తర్వాత జమేదారు లోపలికి పోయాడు. నేను కిటికీ దగ్గర పగటి వెలుగులో కాగితం కొస విప్పి చూశాను. ఎర్రటి అక్షరాలు, వరసగా పేర్లు, అందరికంటె పైన మా ఆయన పేరు! గుడ్డ మీద నిప్పు పడ్డట్టు మడిచి రవికెలో దోపుకున్నాను. మా అత్త, "మొఖమేంది గట్ల పాలిపోయింది, వానికేమన్న అయిందా?" అని నన్ను కుదిపింది.

జమేదారు బయటికొచ్చి, కారం తినొద్దన్నాడని అరుగు మీది వాళ్ళందరికీ చెప్పుకుని వెళ్ళిపోయాడు. వెనకే కంపౌండరు మళ్ళీ ఎర్రద్దాలు పెట్టుకుని వచ్చాడు. మమ్మల్ని సాగనంపుతూ వీధిలో ఎండలో నిలబడ్డాడు. అత్త, మా ఆయన బండి వైపు నడిచారు. నేను వెనకే ఆగాను.

"అయ్యా, కాయితం మీద రాతలు ఎటు పోయినయి, ఎట్ల వచ్చినయి?"

ఆయన మొహం వెలిగింది. చంకలో సంచి కింద పెట్టాడు. "ఎటు పోలే బిడ్డా. ఎర్రదీపం కింద తెల్లకాయితమూ ఎరుపే పంపుతది, ఎర్రసిరా గూడ ఎరుపే పంపుతది. రెండు ఒక్కతీరుగ పంపితె కన్ను దేన్నని ఏరుతది? గొర్లమందల మన గొర్రెకు గుర్తు తుడిచేసినట్టు."

"అయితె నీకు ఎర్కనేనా, రాతలున్నయని?"

"నాకు కనవడలే. కనవడలేదనే చెప్పిన."

నేను తలాడించాను. తలాడించాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. ఆయన అద్దాల మీద ఎండ తళతళ మెరుస్తోంది.

"అయ్యా, ఇంత ఎండల తిరుగుతున్నా గీ అద్దాలుంటె కండ్లు చెడవంటివి గద. గదిల గూడ అద్దాలు నీ ముక్కు మీదనే ఉండె. తెల్లదీపం ఏస్తె నీ కండ్లకేమైతుండె?"

కంపౌండరు సంచి పైకెత్తి చంకలో పెట్టుకున్నాడు. సందు ఇటు చివరా అటు చివరా చూశాడు.

"ఏం కాకపోతుండె," అన్నాడు. "గని బిడ్డా, నేను అది గూడ చూసే అన్న. మొదటి లోటా ఎత్తి తాగెటప్పుడు ఆయన మొఖం చూసిన. ఇంకో లోటా ఆయనతోని కాదు."